ఒకరికి వచ్చిన జబ్బు ఇంటిల్లిపాదికీ అంటకుండా ఎలా చూసుకోవాలి?

వానాకాలం మొదలైందంటే మన దిక్కు ఇంటింటా ఒకే వరస. ముందు బడికి పోయే పిల్లగాని ముక్కు కారుతుంది, రెండు రోజులకు వాని చెల్లె తుమ్మడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత అమ్మ, ఆమె వెనక నాన్న, చివరికి నాయనమ్మకు దగ్గు ముదిరి అందరూ కలిసి దవాఖానకు పరుగు. హన్మకొండలో అపార్ట్‌మెంట్ అయినా పరకాల దగ్గర పల్లె అయినా తేడా ఏం ఉండదు. సర్ది ఒక్కటే కాదు, మోషన్లు, కండ్ల కలక కూడా ఇట్లనే ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. "ఒకరికొస్తే అందరికీ రాక తప్పదు" అని సర్దుకుపోతాం గానీ, చాలాసార్లు తప్పించుకోవచ్చు, అదీ పెద్దగా ఖర్చు లేకుండానే.

శుభ్రత అనగానే మనకు గుర్తొచ్చేది ఇల్లు కడగడం. ఫినాయిల్ పోసి నేల తళతళలాడేలా తుడుస్తాం, అదే చేత్తో వచ్చి పిల్లలకు ముద్దలు కలిపి పెడతాం. నేలను ఎవరూ నాకరు కదా. క్రిములను నోటిదాకా మోసుకొచ్చేది ఎక్కువగా మన చెయ్యి, లేదంటే తాగే నీళ్లు, తినే తిండి, పక్కమనిషి దగ్గు. అందుకే ఇల్లంతా రోజంతా కడగాల్సిన పని లేదు. క్రిమి ఒకరి నుంచి ఇంకొకరికి దాటే సమయాలు కొన్ని ఉంటాయి, అవి పట్టుకుంటే చాలు. ఇక్కడ రాసేదంతా ఆ సమయాల గురించే.

ముందుగా: చెయ్యి ఎప్పుడు కడగాలి

మన ఇండ్లలో ఒక తమాషా చూడండి. తిన్న తర్వాత చెయ్యి శుభ్రంగా కడుగుతాం, కూర వాసన పోయేదాకా సబ్బు రుద్దుతాం, మూతి కూడా కడుగుతాం. తినే ముందు మాత్రం నల్లా కింద వేళ్లు తడిపి, లుంగీకో చీర కొంగుకో తుడుచుకొని కూర్చుంటాం. పెండ్లిలో బంతి భోజనానికి కూర్చున్నప్పుడైతే గిలాసలో నీళ్లు తీసుకొని విస్తరాకు పక్కన నాలుగు చుక్కలు చల్లుకుంటాం, అంతే. సబ్బు అవసరం తినే ముందే ఎక్కువ. తిన్నాక కడిగేది కూర జిడ్డు, తినే ముందు కడిగేది రోగం. మనం చేత్తో కలుపుకొని తినేవాళ్లం, చెంచాలతో తినేవాళ్లకంటే మనకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

సబ్బుతో తప్పకుండా కడగాల్సిన సమయాలు ఇవి:

- తినే ముందు, పిల్లలకు తినిపించే ముందు, వంట మొదలుపెట్టే ముందు
- లెట్రిన్‌కు పోయొచ్చాక
- చిన్నపిల్లల ముడ్డి కడిగాక, డైపర్ మార్చాక
- ముక్కు చీదినాక, చేతిలోకి దగ్గినా తుమ్మినా
- పచ్చి మాంసం, చేపలు, గుడ్లు ముట్టుకున్నాక
- బర్రెలు, మేకలు, కోళ్ల పని చేసొచ్చాక, పేడ ఎత్తాక
- బయటి నుంచి, ముఖ్యంగా బస్సు దిగి, ఇంటికి రాగానే

మూడోదాని గురించి కొంచెం చెప్పాలి. పసిపిల్లల మలం అంటే చాలామందికి అసహ్యం ఉండదు, "పాలు తాగే పిల్ల, ఏం కాదు" అంటారు. అట్లా ఏం లేదు. రోటావైరస్ లాంటివి సోకిన పసిపిల్లల మలంలో అవి కోట్లల్లో ఉంటాయి, వాటిలో కొన్ని నోట్లోకి పోయినా ఇంట్లో ఇంకో పిల్లకు మోషన్లు పట్టుకుంటాయి. ఆ మలాన్ని మోరీలో పారేయకుండా లెట్రిన్‌లోనే వేయాలి, ఆ తర్వాత మీ చేతులు, పిల్ల చేతులు రెండూ సబ్బుతో కడగాలి. పిల్ల చేతులు ఎందుకంటే, కడిగేటప్పుడు అది ఊరుకోదు, చెయ్యి అక్కడే పెడుతుంది.

బాలింత ఉన్న ఇంట్లో ఇంకో చిక్కు ఉంటుంది. 21వ రోజు తొట్టెల ఫంక్షన్‌కు వచ్చిన ప్రతి ఒక్కరూ బిడ్డను ఎత్తుకుంటామంటారు, ముద్దు పెట్టుకుంటామంటారు. చేతులు కడుక్కోండి అంటే కొందరికి ముఖం మాడిపోతుంది, "మేమేం అంటరానోళ్లమా" అని కూడా అంటారు. ఈ కోపం కొత్తదేం కాదు. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు చేసే ముందు చేతులు క్లోరిన్ కలిపిన నీళ్లతో కడుక్కోవాలని రూల్ పెడితే, వంద మందికి పది మంది పైనే బాలింతలు చనిపోతున్న వార్డులో ఆ చావులు రెండు మూడుకు పడిపోయాయి. అయినా తోటి డాక్టర్లలో చాలామంది నమ్మలేదు, మా చేతులు మురికివా అని నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. డాక్టర్లే అట్లా అనుకున్నప్పుడు మన పెద్దమ్మలు అనుకోవడంలో వింతేముంది. అందుకని అడగడంలో కొంచెం ఇగురం కావాలి. వచ్చినవాళ్లు చెప్పులు విడిచే చోటనే ఒక బకీటు, మగ్గు, సబ్బు, ఉతికిన తువ్వాల పెట్టి, "దా పెద్దమ్మా, కాళ్లు చేతులు కడుక్కొని వచ్చి బిడ్డను ఎత్తుకో" అంటే ఎవరూ ఏమనుకోరు. బయటి నుంచి వస్తే కాళ్లు కడుక్కొని లోపలికి రావడం మనకు ముందు నుంచీ ఉన్నదే, దానికి సబ్బు కలిపామంతే. ముద్దులు మాత్రం ఎవరినీ పెట్టనివ్వకండి, సర్ది ఉన్నవాళ్లను అసలే.

చెయ్యి ఎట్లా కడగాలి

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో తేజ మిర్చి ఏరే ఆడవాళ్లు పని అయిపోయాక చేతులు కడుక్కోవడం చూశారా? ఉత్త నీళ్లతో కడిగితే మంట పోదు, అది వాళ్లకు తెలుసు. సబ్బు పెట్టి, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ, మణికట్టు దాకా రుద్ది రుద్ది కడుగుతారు, లేకపోతే ఆ చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీరూ అట్లనే కడగండి. క్రిమి మండదు కాబట్టి మనకు బద్ధకం, అంతే తేడా.

పద్ధతి ఇది. చేతులు తడిపి నల్లా కట్టేయండి, నీళ్లు వృథా కావు. సబ్బు రాసి అరచేతులు రుద్దండి, తర్వాత చేతుల వెనక వైపు, వేళ్ల మధ్య, తర్వాత ఒక్కో బొటనవేలిని ఇంకో చేత్తో పట్టి తిప్పుతూ, చివరికి వేళ్ల కొసలను రెండో అరచేతిలో గీకినట్టు. మొత్తం 20 సెకన్లు తగ్గకూడదు, నిదానంగా ఇరవై లెక్కపెడితే సరిపోతుంది. చాలామంది వదిలేసేది బొటనవేళ్లు, వేళ్ల కొసలు, మనం తిండి కలిపేది ఆ వేళ్లతోనే. ఉంగరాలు ఉంటే కదిలించి కింద కూడా రుద్దండి. గోళ్లు పెరిగితే ఎంత కడిగినా సగమే కడిగినట్టు, పిల్లలకు వారానికి ఒకసారి కత్తిరించేయండి.

తర్వాత ఆరబెట్టుకోవడం. తడి చేతికి క్రిములు తొందరగా అంటుకుంటాయి, తొందరగా వేరేచోట అంటిస్తాయి కూడా. వాష్ బేసిన్ దగ్గర వారం రోజులుగా వేలాడుతున్న చిన్న తువ్వాలకు తుడుచుకుంటే కడిగిందంతా పోయినట్టే, దాన్ని రోజూ మార్చండి, లేదంటే చేతులు గాలికి ఆరనివ్వండి.

వేడినీళ్లే కావాలని లేదు, చల్లనీళ్లు చాలు. ఏ సబ్బైనా పనికొస్తుంది, బట్టల సబ్బు అయినా సరే. పది మంది వాడిన సబ్బు బిళ్లతో రోగం అంటుతుందని కొందరు భయపడతారు, నీళ్లతో బాగా కడిగేసుకుంటాం కాబట్టి ఆ భయం అక్కర్లేదు, సబ్బు నీళ్లలో నానకుండా కింద చిల్లులున్న డబ్బాలో పెడితే చాలు. చేను దగ్గర సబ్బు లేకపోతే పొయ్యిలోని బూడిద వాడొచ్చు, మట్టి మాత్రం వద్దు, మట్టిలోనే క్రిములుంటాయి.

శానిటైజర్ సంగతి: 60 శాతం పైన ఆల్కహాల్ ఉన్నదైతే సర్ది, ఫ్లూ, కరోనా లాంటి వైరస్‌ల మీద బాగా పని చేస్తుంది. చేతికి మట్టి, జిడ్డు ఉంటే పని చేయదు. వాంతులు, మోషన్లు తెచ్చే నోరోవైరస్ మీద అంతంతమాత్రమే, దానికి సబ్బూ నీళ్లే మందు. ఇంకో మాట, శానిటైజర్ రాసుకొని తడి ఆరకముందే గ్యాస్ పొయ్యి వెలిగించకండి, అది మండుతుంది.

తాగే నీళ్లు

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయనేదాని మీద మనకున్న శ్రద్ధ, ఇంటికొచ్చాక వాటిని ఎట్లా ముంచుకుంటున్నామనేదాని మీద ఉండదు. మిషన్ భగీరథ నల్లా అయినా, ప్లాంటు నుంచి తెచ్చిన 20 లీటర్ల డబ్బా అయినా, శుద్ధి చేసిన నీళ్లే బిందెలోకి వస్తాయి. తర్వాత ఏం జరుగుతుంది? ఆడుకొని వచ్చిన పిల్లగాడు గిలాస తీసుకొని బిందెలో ముంచుతాడు, గిలాసతోపాటు నాలుగు వేళ్లు కూడా నీళ్లలో మునుగుతాయి. ఆ వేళ్లు అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగాయో దేవునికే తెలియాలి. ఇగ ఆ బిందె నీళ్లు ఇంట్లో అందరూ తాగాల్సిందే.

దీనికి రెండు దారులు. ఒకటి, పొడుగు కాడ ఉన్న గరిటె పెట్టి, దాన్ని బిందె మీద కాకుండా పక్కన మేకుకు తగిలించడం. రెండోది ఇంకా మంచిది, కింద నల్లా ఉన్న మట్టి రంజన్ కొనడం, ఇప్పుడు ఎండాకాలం రోడ్ల పక్కన అమ్మే రంజన్లలో నల్లా ఉన్నవి బాగానే దొరుకుతున్నాయి. ఏదైనా సరే మూత ఉండాలి, రెండు మూడు రోజులకోసారి లోపల తోమి కడగాలి. కుండ లోపల వేలు పెట్టి చూస్తే జారుడుగా పాచి తగులుతుందంటే ఆలస్యం అయినట్టు. డబ్బా నీళ్లు వాడేవాళ్లు డబ్బా బోర్లించే ముందు దాని మూతిని, డిస్పెన్సర్ నల్లాను కడగండి, ఈ రెండూ చాలా ఇండ్లలో కొన్ననాటి నుంచి అట్లనే ఉంటాయి.

వానలు పడి నల్లా నీళ్లు రంగు మారినా, వీధిలో పైపు పగిలినా, ఊళ్లో మోషన్లు ఎక్కువైనా, నీళ్లు కాచి తాగండి. కుతకుతా మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు, అరగంట కాయాల్సిన పని లేదు, గ్యాస్ దండగ. రంగు మారిన నీళ్లయితే ముందు తేర్చి, శుభ్రమైన బట్టతో వడకట్టి కాచండి. చల్లారాక అదే గిన్నెలో మూత పెట్టి ఉంచండి, చెయ్యి పెట్టకుండా వంచుకోండి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి దోమల సంగతి కూడా. డెంగీ దోమ మురికి మోరీలో కాదు, మనం వాడుకకు పట్టుకున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి గోలెం, డ్రమ్ము, కూలర్, పూలకుండీ కింది పళ్లెం ఖాళీ చేయాలి. ఉత్తగా నీళ్లు పారబోస్తే సరిపోదు, గుడ్లు లోపలి గోడలకు అంటుకొని ఉంటాయి, పీచుతో రుద్దాలి. ఆశా వర్కర్లు శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ తిరిగి చెప్పేది ఇదే.

వంటిల్లు

ఆదివారం చికెన్ గురించి మొదలుపెడితే చాలామందికి నచ్చదు. మనమంతా చికెన్ తేగానే పసుపు, ఉప్పు వేసి నల్లా కింద మూడు నాలుగు సార్లు కడుగుతాం. ఆహార భద్రత గురించి చెప్పే నిపుణులు అసలు కడగొద్దంటారు, ఎందుకంటే నల్లా ధార పచ్చి మాంసం మీద పడి చిందే తుంపర్లతో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి క్రిములు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గిన్నెల మీద, కోసి పెట్టిన కొత్తిమీర మీద కూడా పడతాయి. కడిగినంత మాత్రాన మాంసంలో ఉన్నవి పోవు, ఉడికితేనే పోతాయి. కానీ మన ఇండ్లలో కడగకుండా వండమంటే ఎవరూ వినరని నాకు తెలుసు, చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన దానికి ఈకలు, రక్తం కూడా ఉంటాయి. కడగాలనుకుంటే లోతైన గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ నీళ్లు చిందకుండా సింకులో వంచండి, దగ్గర్లో ఏ గిన్నెలూ కూరగాయలూ లేకుండా చూసుకోండి, తర్వాత సింకును, నల్లా పిడిని, చేతులను సబ్బుతో కడగండి. నల్లా పిడిని మర్చిపోతారు, చికెన్ చేత్తో తిప్పింది దాన్నే. ముక్క లోపల ఎర్రగా లేకుండా ఉడకాలి. కూరగాయలు ముందు కోసుకొని పక్కన పెట్టి, చివర్లో చికెన్ ముట్టుకుంటే సగం గొడవ తప్పుతుంది, కత్తిపీట ఒక్కటే ఉన్న ఇండ్లలో ఇదే తేలికైన పద్ధతి.

మంటకు ముందు పడే చెయ్యి వేరు, మంట తర్వాత పడే చెయ్యి వేరు. సంక్రాంతికి వాకిట్లో చాప వేసుకొని పది మంది కూర్చొని సకినాలు చుడతారు, పిండి పది చేతులు మారుతుంది, అయినా పెద్ద భయం లేదు, అది కాగే నూనెలోకి పోతుంది. సద్దుల బతుకమ్మకు చేసే మలీద ముద్దలు అట్లా కాదు. రొట్టె కాల్చడం అయిపోయాక, దాన్ని చేత్తో నలిపి, బెల్లం కలిపి, చేత్తోనే ముద్ద కట్టి, చెరువు దగ్గర నలుగురికీ పంచుతాం. చేతికి ఏముంటే అది నేరుగా తినేవాళ్ల కడుపులోకి పోతుంది, మధ్యలో మంట లేదు. సత్తుపిండి, పెరుగన్నం, కోసిన ఉల్లిగడ్డలు, పండ్ల ముక్కలు అన్నీ ఈ లెక్కలోవే. మోషన్లు ఉన్నవాళ్లు ఇలాంటివి కలపొద్దు, ఆగిపోయాక కూడా రెండు రోజులు ఆగాలి. చేతికి చీము పట్టిన పుండు ఉన్నవాళ్లు కూడా అంతే.

అన్నం గురించి: వండిన అన్నం బయట గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి పెరిగి విషం వదులుతుంది, మళ్లీ వేడి చేస్తే క్రిమి చావొచ్చు గానీ ఆ విషం పోదు. వండినవి ఏవైనా రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి పోవాలి, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటకే. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది కాబట్టి పొద్దున పప్పు సాయంత్రం దాకా పొయ్యి మీద వదిలేయడం మానేయండి. ఫ్రిజ్ లేకపోతే కొంచెం కొంచెంగా పూటకు సరిపడా వండుకోవడమే మేలు.

మసిగుడ్డ. దీని గురించి ఎవరూ మాట్లాడరు. గిన్నెలు దించేది దానితోనే, గట్టు తుడిచేది దానితోనే, చెయ్యి తుడుచుకునేది దానితోనే, తడితడిగా ఒక మూల పడి ఉంటుంది. వంటింట్లో క్రిములు ఎక్కువగా ఉండేది దానిలో, గిన్నెలు తోమే స్పాంజిలో. రెండు గుడ్డలు పెట్టుకోండి, ఒకటి వాడుకలో, ఒకటి ఎండలో. రోజూ ఉతికి ఆరేయండి. స్పాంజి వాసన వస్తే కడగడం కాదు, పారేయడమే.

దగ్గు, తుమ్ము

చేతిలోకి తుమ్మొద్దు. దస్తీ ఉంటే దస్తీలోకి, లేకపోతే మోచేతి మడతలోకి. చేతిలోకి తుమ్మితే ఆ చెయ్యే తలుపు గొళ్లెం, టీవీ రిమోట్, ఫోన్ పట్టుకుంటుంది. అదే దస్తీతో వెంటనే కండ్లు, మూతి తుడుచుకోవడం, ఆ దస్తీతోనే పిల్ల ముక్కు కూడా తుడవడం మన అలవాటు, అది మానాలి.

సర్ది జబ్బులకు చెయ్యి కంటే గాలి పెద్ద దారి. చలికాలం, వానాకాలం కిటికీలు మూసుకొని ఒకే గదిలో ఐదుగురం పడుకుంటాం, ఒకరు దగ్గితే ఆ గాలే అందరూ పీలుస్తారు. ఒక కిటికీ, ఎదురుగా ఇంకొక కిటికీ లేదా తలుపు కొంచెం తెరిచి పెట్టండి, దోమలు వస్తాయనుకుంటే జాలీ కొట్టించండి. దగ్గేవాళ్లు మాస్కు పెట్టుకుంటే మంచిది, ముసలివాళ్లు, గర్భిణి, షుగర్ ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో తప్పనిసరి అనుకోండి. ఫ్లూ లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే అంటుకోగలదు కాబట్టి పూర్తిగా ఆపలేం, తగ్గించగలం.

పిల్లగానికి పొద్దున జ్వరం ఉంటే పారాసిటమాల్ వేసి బడికి పంపేస్తారు కొందరు, పదకొండు గంటలకు మందు దిగిపోయి జ్వరం మళ్లీ వస్తుంది, అప్పటికి బెంచీ మీద ముగ్గురికి అంటించి ఉంటాడు. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుంటేనే పంపండి.

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే మెడికల్ షాపులో సిరప్ మీద సిరప్ కొనొద్దు. అది టీబీ కావొచ్చు. కళ్లె పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం, మందులూ ఉచితం. ఉమ్మడం గురించి ఎంత చెప్పినా తక్కువే. గుట్కా నమిలేవాళ్లు బస్టాండు గోడల మీద వేసే ఎర్ర డిజైన్లు చూస్తే ఒళ్లు మండుతుంది, కానీ వాళ్లు ఇది చదవరు.

కండ్ల కలక వచ్చినప్పుడు

2023 వానాకాలంలో తెలంగాణ అంతా కండ్ల కలక ఎట్లా తిరిగిందో గుర్తుంది కదా, బడికి సగం మంది నల్ల కండ్లద్దాలతో వచ్చారు. అది చూపుతో అంటదు. కన్ను రుద్దిన చెయ్యి, తుడిచిన తువ్వాల, పడుకున్న మెత్త గలేబు, వీటితోనే అంటుతుంది. కండ్లద్దాలు వెలుతురు గుచ్చకుండా ఉండడానికి, కన్ను రుద్దకుండా ఉండడానికి పనికొస్తాయి, ఎదుటివాళ్లను కాపాడవు. తువ్వాల, గలేబు వేరు చేయండి, వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి, ఒకరి చుక్కల సీసా ఇంకొకరు వాడొద్దు, కాటుక డబ్బా అసలే వద్దు. తల్లి పాలు, తేనె లాంటివి కంట్లో పోయొద్దు.

ఇంట్లో ఒకరికి వాంతులు, మోషన్లు మొదలైతే

ఇక్కడ తొందరగా కదలాలి, ఎందుకంటే రోగి చుట్టూ క్రిములు ఎక్కువగా ఉండేది మొదటి రెండు మూడు రోజులే.

వాంతి నేల మీద పడితే చీపురుతో ఊడ్చొద్దు, చిందుతుంది. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కొని, పాత పేపర్లు దాని మీద పరిచి పీల్చుకోనిచ్చి, ఎత్తి కవర్లో మూట కట్టి పారేయండి. తర్వాత లీటరు నీళ్లలో సుమారు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ చోట పోసి, పది నిమిషాలు ఉంచి కడగండి. పౌడర్ పాతబడితే, మూత తెరిచి ఉంచితే బలం పోతుంది, ఘాటు వాసన లేకపోతే కొత్తది కొనండి. ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి: బ్లీచింగ్‌ను యాసిడ్‌తో గానీ బాత్రూం క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూంలో ప్రాణం మీదికి తెస్తుంది.

రెండు లెట్రిన్లుంటే ఒకటి రోగికే వదిలేయండి. ఒకటే ఉంటే రోజుకు రెండు సార్లు సీటు, మగ్గు పిడి, నల్లా పిడి, తలుపు గొళ్లెం తుడవండి. మగ్గు పిడిని మర్చిపోతే చేసిందంతా వృథా. రోగి గిలాస, పళ్లెం విడిగా ఉంచి సబ్బుతో కడిగితే చాలు, పారేయాల్సిన పని లేదు.

రోగికి ఓఆర్‌ఎస్ పట్టండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, సగం సగం వేయొద్దు. ఓఆర్‌ఎస్ లాంటి పేర్లతో అమ్మే తీపి జ్యూసులు అది కాదు, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి. రాత్రిపూట దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి వేసి కలపండి, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. కలిపింది ఒక రోజుకే. పిల్లలకు జింకు మాత్రలు 14 రోజులు ఇస్తారు, ఆశా వర్కర్‌ను అడగండి. మలంలో రక్తం, మూత్రం రాకపోవడం, కండ్లు లోపలికి పోవడం, పిల్ల మత్తుగా ఉండి తాగలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే దవాఖానకు పోవాలి, తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. యాంటీబయాటిక్ మాత్రం మీ అంతట మీరు కొనకండి, వైరస్ మీద అది పని చేయదు.

జాతరకు, బస్సులో

మేడారం పోతే నాలుగు రోజుల్లో లక్షల మంది ఒకచోట ఉంటారు, గుడారం పక్కన గుడారం, జంపన్న వాగులో స్నానాలు, అక్కడే కోడి కోయడం, అక్కడే వండడం. వాగు నీళ్లు మొక్కుకు, స్నానానికి మాత్రమే, పుక్కిలించడానికి కాదు. తాగే నీళ్లు ఇంటి నుంచి డబ్బాలతో పట్టుకపోండి, సరిపోకపోతే క్లోరిన్ బిళ్లలు వేసి అరగంట ఆగి తాగండి. కోసిన చోట వండొద్దు, నాలుగడుగులు దూరంగా పొయ్యి పెట్టండి. నీళ్ల బాటిల్ మూతకు మేకుతో చిన్న చిల్లు పెట్టి చెట్టుకు తలకిందులుగా కడితే చేతులు కడుక్కోవడానికి సన్నటి ధార వస్తుంది, పక్కన సబ్బును పాత సాక్సులో వేసి వేలాడదీయండి. ఐనవోలు, కొమురవెల్లి జాతరలకు పోయినా ఇదే పద్ధతి.

బస్సులో కడ్డీ పట్టుకోక తప్పదు, పట్టుకోండి. ఆ చేత్తో ముఖం ముట్టుకోకుండా, దిగినాక మిర్చి బజ్జీ బండి దగ్గరికి పోయే ముందు కడుక్కుంటే సరిపోతుంది.

ఏవి వదిలేయొచ్చు

కూరగాయలను సబ్బుతో కడగొద్దు, పారే నీళ్లలో రుద్ది కడిగితే చాలు. ఇంటి గోడలకు, సోఫాలకు స్ప్రేలు కొట్టాల్సిన పని లేదు. రోజూ స్నానం నీళ్లలో క్రిమినాశిని మందు కలపడం కూడా అనవసరం, చర్మం పొడిబారడం తప్ప ఒరిగేదేం లేదు. ఫోన్‌ను మాత్రం అప్పుడప్పుడు ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి, అన్నం తింటూ దాన్ని ముట్టుకోవడం మానేస్తే ఇంకా మంచిది.

టీవీలో 99.9 శాతం క్రిములను చంపుతుందని చెప్పే సబ్బులకు ఎక్కువ డబ్బులు పెట్టొద్దు. 2016లో అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ సంస్థ, ట్రైక్లోసాన్ అనే క్రిమినాశినితో కలిపి 19 రసాయనాలను ఇండ్లలో వాడే సబ్బుల్లో నిషేధించింది, మామూలు సబ్బు కంటే అవి మేలని కంపెనీలు నిరూపించలేకపోయాయి కాబట్టి. ఆ డబ్బులతో నాలుగు మామూలు సబ్బులు కొనండి. ఒకటి వంటింటి నల్లా దగ్గర, ఒకటి లెట్రిన్ బయట, ఒకటి వాకిట్లో కాళ్లు కడుక్కునే చోట, నాలుగోది ముక్కలు కోసి, ఒక ముక్క చిన్న డబ్బాలో వేసి పిల్లగాని బడి సంచిలో పెట్టండి, మధ్యాహ్న భోజనానికి ముందు వానికి పనికొస్తుంది.